అసలుకే ఎసరు

ఈ వారం నేను నేర్చుకున్న మాట "అసలు". ఇది నాకు ముందే తెలుసనుకున్నాను. "అసలు తిన్నావా లేదా?" అని అమ్మ రోజూ అడుగుతుంది. కానీ డబ్బు విషయంలో అసలు అంటే మనం మొదట పెట్టిన సొమ్ము. దాని మీద వచ్చేది వడ్డీ.

మేము న్యూజెర్సీలో ఉంటాం. నాన్నకి ఈ ఏడాది 73 నిండాయి. అమెరికాలో ఆ వయసు వచ్చాక, రిటైరైన వాళ్లు 401కె ఖాతాలోంచి ఏటా కొంత తప్పకుండా తీయాలి. నాన్నకి మొదటి ఏడాది లెక్క ఇది: కిందటి డిసెంబర్ 31న ఉన్న మొత్తాన్ని 26.5తో భాగించాలి. 2,65,000 డాలర్లు ఉంటే 10,000 తీయాలి. దాని మీద పన్ను కట్టాలి. మిగిలింది ఎక్కడ పెట్టాలి?

"కాకినాడ బ్యాంకులో వేద్దాం. అక్కడ వడ్డీ ఎక్కువ. నీ పేరు కూడా పెడతాను" అన్నారు నాన్న.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. నేను తెలుగులోనే మాట్లాడాలని ముందే కాగితం మీద రాసుకున్నాను.

"నాన్నా, మీ గడువు ఎప్పుడు తీరుతుంది?"

నాన్న గట్టిగా నవ్వారు. "నాది కాదమ్మా, డిపాజిట్‌ది అను!"

సిగ్గేసింది. అయినా చదివాను. ఎన్.ఆర్.ఇ. డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ ఉంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ ఫారం పంపాలి. నా పేరు ఉంటే నేనూ పంపాలి. ఇంకొకటి: 2008 మొదట్లో డాలరుకి సుమారు 40 రూపాయలు, 2023 చివర్లో సుమారు 83. అప్పుడు వేసిన అసలు రూపాయల్లో అంతే ఉంటుంది, డాలర్లలో సగం కూడా ఉండదు. వచ్చిన వడ్డీలో చాలా భాగం ఆ లోటు పూడ్చడానికే పోతుంది. మన ఖర్చులేమో డాలర్లలో.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "అసలుకే ఎసరు అన్నమాట" అన్నారు.

ఎసరు నాకు వంటింటి మాట. అన్నం కోసం పొయ్యి మీద పెట్టే నీళ్లు. అసలుకే ఎసరు అంటే వడ్డీకి ఆశపడితే మొదటి సొమ్ముకే ప్రమాదం రావడం.

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు నాన్న మెల్లగా అన్నారు: "అక్కడ ఇల్లు అమ్మేశాం. ఆ ఖాతా కూడా లేకపోతే కాకినాడలో నాకు ఇంకేం ఉంది?"

దీనికి జవాబు నా కాగితం మీద లేదు.

చివరికి ఇలా అనుకున్నాం. రాబోయే ఐదేళ్ల ఖర్చుకి కావలసింది ఇక్కడే ఉంటుంది. కొంత ట్రెజరీ బిల్లుల్లో, కొంత ఏడాదికొకటి గడువు తీరే సీడీల్లో. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 2,50,000 డాలర్ల వరకు ఎఫ్‌డీఐసీ బీమా ఉంది. కాకినాడలో ఒక చిన్న డిపాజిట్, ఇద్దరి పేర్ల మీద. ఫారం నేను పంపుతాను.

ఏదో ఒక రోజు ఆ బ్యాంకులో నేను ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడాలి. అందుకే ఈసారి మాటలు రెండుసార్లు రాసుకున్నాను.

ఈ వారం మాటలు: అసలు, వడ్డీ, గడువు, ఎసరు.