కొండ లేని ఊళ్లో కొండ సైకిలు

గుడివాడ నుంచి పెదపారుపూడి వైపు వెళ్తుంటే కనుచూపు మేరా వరిచేలే. 1936లో రామోజీరావు పుట్టిన ఈ ఊరి చుట్టుపక్కల ఎత్తంటే కాలువగట్టే! ఇలాంటి చోట కొండలెక్కే మోటారు సైకిలుకి పనేముంది అనుకోవచ్చు. దానికీ ఇక్కడ ఓ పరీక్ష ఉంది... రేగడి బురద. చైను లింకుల్లో దూరిన మట్టి నూనెతో కలిసి ఆకురాయిలా పిన్నుల్ని అరగదీస్తుంది. పైగా మోటారు పెడళ్ల దగ్గరుంటే కాలి బలం, దాని బలం రెండూ ఆ చైను మీదే. గేరు మార్చేటప్పుడు కాలు కాస్త సడలించకపోతే 'టక్'మంటుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా.

మార్చాలో లేదో చెప్పడానికి స్కేలు చాలు. ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గరుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందా, కొత్తది వేయాల్సిందే. ఎనిమిదో వంతు దాకా ఆగితే పళ్లచక్రాలూ అరిగిపోతాయి. అసలు ఖర్చు అక్కడే.

కొనేముందు వెనక పళ్లచక్రాలెన్నో లెక్కపెట్టుకోవాలి. పదింటికి చేసిన చైను పన్నెండింటికి నప్పదు. ఎలక్ట్రిక్ సైకిళ్ల కోసమే గట్టిగా చేసినవీ దొరుకుతాయి, కాస్త బరువైనా అవే నయం. అప్పటికీ గేర్లు తడబడుతుంటే కేబులు బిగువు, డిరైలర్‌ను పట్టుకునే కొక్కెం చూడాలి. సైకిలు పక్కకి పడితే ముందు వంగేది అదే.