అస్తమయం కాదండీ... ఉదయమే!

టీవీలో రిసార్టు ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఎర్రటి సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటాడు. ఇసుక మీద ఓ జంట తప్ప నరమానవుడు కనిపించడు. వెనకాల సన్నగా వేణువు. ముప్ఫై సెకన్ల పాటు మనకి ఆఫీసూ గుర్తుండదు, అప్పుల వాయిదాలూ గుర్తుండవు.

అలాంటి ముప్ఫై సెకన్ల కోసం ఓ జనవరిలో నాలుగు రోజులు విశాఖ తీరంలో గడిపాను. ప్రకటనకి తెలుగు మాటలు రాయడం నా పని. చివరికి రాసింది ఓ పది మాటలు. చూసింది మాత్రం చాలా ఉంది.

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని వెళ్లే రోడ్డు పాతిక కిలోమీటర్ల పైమాటే. కైలాసగిరి దాటితే ఋషికొండ. 2020లో మన దేశంలో మొదటి విడతగా బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. ఆ తర్వాత రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన తొట్లకొండ. ఇంకా ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. చివర్న గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి, అక్కడ డచ్చివాళ్ల సమాధులు. దారి పొడవునా మత్స్యకారుల పల్లెలు. మా రిసార్టు ఈ దారిలోనే ఎక్కడో ఉందనుకోండి.

మొదటి రోజే చిక్కొచ్చిపడింది. స్క్రిప్టులో మొదటి షాటు ‘సముద్రంలో సూర్యాస్తమయం’. రాసినాయన గోవా ప్రకటనలు చూసి రాసినట్టున్నాడు. గోవా, కోవళం పడమటి తీరం. అక్కడ సూర్యుడు సముద్రంలోనే మునుగుతాడు. మనది తూర్పు తీరం. ఇక్కడ సాయంత్రం ఆయన కొండల వెనక్కి వెళ్లిపోతాడు.

‘‘ఏముంది, తెల్లారి తీసి సాయంత్రమని చెబుదాం’’ అన్నాడు డైరెక్టరు. ఉదయించే సూర్యుణ్ణి వెనక్కి తిప్పి చూపిస్తే అస్తమించినట్టే ఉంటుంది కదా అని అడిగాను. కెమెరామన్ నవ్వాడు. ‘‘అప్పుడు అలలు కూడా ఒడ్డు నుంచి లోపలికి పోతాయండీ!’’ అందుకే సూర్యుడి షాటు మూడు సెకన్లు మించనివ్వరట. అంత తక్కువ సేపట్లో పైకి వస్తున్నాడో కిందికి దిగుతున్నాడో మన కంటికి తెలీదు.

మిగతా కిటుకులూ అప్పుడే తెలిశాయి. కొబ్బరిబోండం మీద మెరిసే చల్లటి చుక్కలు గ్లిజరిన్ కలిపిన నీళ్లు. ఈతకొలను నేరుగా సముద్రంలో కలిసిపోయినట్టు కనిపించాలంటే కెమెరాని నీటి మట్టానికి దించాలి. మధ్యలో ఉన్న ప్రహరీ, రోడ్డు మాయమైపోతాయి. గది హాలంత కనిపించడం లెన్సు మహిమ. షాటు షాటుకీ ఇద్దరు కుర్రాళ్లు ఇసుక మీద పాదాల గుర్తులు చెరిపేస్తుంటారు. అక్కడికి ఎప్పుడూ ఎవరూ రాలేదన్నట్టు!

కానీ వస్తారు. రెండోరోజు అయిదున్నరకే బీచ్‌లో దిగాం. ఆరున్నరకి అటూఇటూగా సూర్యోదయం. ఆ తర్వాత బంగారు వెలుగు ఉండేది అరగంటే. చీకటి విచ్చుకునేసరికి మా ఫ్రేములో పాతికమంది మనుషులు! అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్లి వలని అర్ధచంద్రాకారంలో సముద్రంలో పరిచి వస్తారు. రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఒడ్డు మీంచి రెండు జట్లు లాగుతాయి. ఆడవాళ్లు గంపలతో ఎదురుచూస్తున్నారు.

మా ప్రొడక్షన్ మేనేజరు వెళ్లి అరగంట ఆగమన్నాడు, డబ్బులిస్తామన్నాడు. తాడు పట్టుకున్న ఓ తాత తల తిప్పకుండానే, ‘‘మాదేటుంది బాబూ, ఆ సేపకి సెప్పి రండి, అరగంట ఆగమని’’ అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మేనేజరు కూడా.

చేసేదిలేక మేమే ఓ రెండొందల గజాలు ఉత్తరానికి జరిగాం. అక్కడ నీళ్లు చూసి డైరెక్టరు మొహం వెలిగిపోయింది. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి, మధ్యలో మాత్రం నున్నగా, ముదురు నీలంగా చెరువులా ఉంది. ‘‘ఇక్కడే! నడుంలోతు దాకా వెళ్లండి’’ అన్నాడు హీరోయిన్ని, ఆ కుర్రాణ్ణి.

వాళ్లు మోకాల్లోతు దిగారో లేదో వెనకనుంచి కేక. ఆ తాతే. తాడు పక్కవాళ్లకి వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు. ‘‘దిగొద్దమ్మా! అక్కడ నీరు లోపలికి లాగేత్తాది. ఎనక్కి రండి!’’

ఆయన ఆయాసం తీర్చుకుని చెప్పాడు. ఒడ్డుకొచ్చిన అలల నీరంతా మళ్లీ లోపలికి పోయే దారి అది. అందుకే అక్కడ అలలుండవు. చూడ్డానికి నెమ్మదిగా ఉన్నచోటే ప్రాణం మీదికొస్తుంది. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, అలిసిపోతాం. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ దారి తప్పించుకోవాలి. ఈ మాట చెప్పి మళ్లీ తాడు దగ్గరికి వెళ్లిపోయాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

అరగంట కిందట ఫ్రేములోంచి తప్పుకోమన్నది ఆయన్నే. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ప్రకటన బాగా వచ్చింది. ఖాళీ ఇసుక, ‘అస్తమయం’, చేతిలో చెయ్యి. ఓ షాటులో దూరంగా చిన్న పడవ ఉండిపోతే దాన్నీ కంప్యూటర్లో చెరిపేశారు. లాగే నీటి సంగతి ఒక్క మాటైనా పెడదామన్నాను. ముప్ఫై సెకన్లలో భయపెట్టే మాట ఎవరు పెడతారండీ అన్నారు. ఆ మాటా నిజమే కావచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీరు ఆ తీరానికి వెళితే రిసార్టులోనే దిగండి, కాదనను. కానీ ఒక్కరోజు అయిదున్నరకి లేవండి. వల లాగే చోటికి నడవండి. వాళ్లు వద్దనకపోతే తాడు మీద మీరూ ఓ చెయ్యి వెయ్యండి. ఒడ్డుకొచ్చిన వలలో కవ్వళ్లు వెండిలా ఎగురుతుంటే చూడండి. నీళ్లలో దిగేముందు మాత్రం అక్కడున్న వాళ్లని అడగండి... ‘‘తాతా, ఇక్కడ దిగొచ్చా?’’ అని.