మొండి రాయి... బుల్లి జీవి!

తిరుమల వెళ్లి ఆనందనిలయం బంగారు గోపురానికి దండం పెట్టుకోనివాళ్లు ఉండరు. అదే చిత్తూరు జిల్లాలో (2022లో తిరుపతి వేరే జిల్లా అయిందనుకోండి) నేల కింద కూడా బంగారం ఉందని తెలుసా? కుప్పంలో బంగారుపేట వైపు వెళ్లే ప్యాసింజరు రైలెక్కండి. గుడుపల్లె దాటాక బిసానత్తం అనే చిన్న స్టేషను వస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిపోయిన నేల ఇది. కోలారు పసిడి పట్టీ దక్షిణంగా సాగి ఇక్కడిదాకా వచ్చింది. బిసానత్తం, చిగురుగుంట గనుల్లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ బంగారం తవ్వింది. ఖర్చు ఎక్కువై, రాబడి తగ్గి 2001లో కోలారు గనులు మూతపడ్డాయి. వాటితోపాటే ఇవీ.

టన్ను రాయిలో దొరికేది కొన్ని గ్రాములే. రాయిని పిండి చేసి సైనైడ్ నీళ్లలో కలిపితే బంగారం కరిగి వస్తుంది. కానీ కొన్నిచోట్ల రాయి మహా మొండిది. చూసి మోసపోయేంత పచ్చగా మెరిసే పైరైట్ లాంటి ఖనిజాల లోపల పసిడి రేణువులు ఇరుక్కుపోయి ఉంటాయి. పీచు ఒలిచి, చిప్ప పగలగొట్టందే కొబ్బరి చేతికి రాదు కదా! సైనైడ్‌దీ అదే అవస్థ. కొలిమిలో కాలిస్తే రాయి లొంగుతుంది గానీ గంధకం, ఆర్సెనిక్ పొగలు ఊరి మీద పడతాయి.

ఇక్కడే బ్యాక్టీరియా అక్కరకొస్తుంది. పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రాక్సిడాన్స్. నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, దాని తిండి గుర్తుపెట్టుకోండి: ఇనుము, గంధకం. బంగారాన్ని ముట్టదు. ఖనిజం పిండిని పెద్ద తొట్లలో పోసి, గాలి ఊదుతూ, నలభై డిగ్రీల వేడి దగ్గర ఉంచితే నాలుగైదు రోజుల్లో ఈ జీవులు, వీటి సావాసగాళ్లు ఖనిజాన్ని కొరికేసి బంగారానికి దారి ఇస్తాయి. దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో 1986లోనే ఈ పని మొదలైంది. పొరుగునే బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్ కె.ఎ.నటరాజన్ బృందం కర్ణాటక ఖనిజాలపై ఇలాంటి ప్రయోగాలు చేసింది.

అలాగని సైనైడ్ బెడద తప్పుతుందనుకోవద్దు. బ్యాక్టీరియా తలుపు తీస్తుంది, అంతే. బంగారాన్ని బయటికి తెచ్చేది మళ్లీ సైనైడే! పైగా ఆమ్లం, ఆర్సెనిక్ కలిసిన నీళ్లు మిగులుతాయి. వాటికి సున్నం కలిపి, అడుగున చేరిన మడ్డిని భద్రంగా దాచాలి. కోలారు సైనైడ్ దిబ్బలు చూసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. గాలి వీస్తే ఆ దుమ్ము ఊళ్లోకే.

చిగురుగుంట-బిసానత్తం బ్లాకును వేలంలో ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. ఇక్కడి రాయికి బ్యాక్టీరియా అవసరమో కాదో పరీక్షలే తేల్చాలి. మల్బరీ, టమాటా, పాడిని నమ్ముకున్న ఈ పల్లెలకు ఆధారం బోరునీళ్లు. కాబట్టి ఇంజినీర్లను ముందు అడగాల్సింది ఎంత బంగారం వస్తుందని కాదు, ఆ మడ్డిని ఎక్కడ పోస్తారని.