బెలిలియస్ రోడ్డు వైపు నడిస్తే

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దిగిన తెలుగువాళ్ళు హౌరాలో ఆగరు. ట్యాక్సీ మాట్లాడుకుని, వంతెన దాటి కలకత్తాలో పడతారు. వంతెనకు వీపు తిప్పి బెలిలియస్ రోడ్డు వైపు నడిస్తే వేరే ఊరు తగులుతుంది. సందుల్లో లేతు యంత్రాల రొద, గుమ్మాల్లో ఇనప రజను, కాలిన ఇసుక వాసన.

ఒకప్పుడు హౌరాను, ఇంగ్లండులోని ఉక్కు నగరం పేరుతో, భారతదేశపు షెఫీల్డ్ అన్నారు. కుర్రతనంలో మరమరాలమ్మిన ఆలామోహన్ దాస్ 1930లలో ఇక్కడే దాస్‌నగర్ కట్టి, ఏకంగా యంత్రాలే తయారుచేయించాడు. వ్యాగన్ల విడిభాగాలు, జనపనార మిల్లుల సామాను, బోల్టులు, నట్లు... ఏది అడిగితే అది చేసిచ్చిన ఊరు.

చివరికి లోకానికి తెలిసింది మాత్రం మ్యాన్‌హోల్ మూతతోనే.

తడి ఇసుకలో బంకమట్టి, బొగ్గుపొడి కలిపి మూత నమూనా చుట్టూ దట్టించి కూరతారు. నమూనా పైకి తీశాక ఇసుకలో 'మేడ్ ఇన్ ఇండియా' అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి. ఇనుము కరిగించే క్యూపోలా కొలిమి నుంచి సుమారు 1400 డిగ్రీల ఇనుమును మోసుకొచ్చి అందులో పోస్తారు. ఇసుకలో తడి ఎక్కువైతే ఆవిరి బుడగలై మూత గుల్లబారుతుంది. పిడికెడు ఇసుక నొక్కి చూసి తడి చెప్పగల చేతులవి. ఆ మూతలు న్యూయార్క్ వీధులకెక్కాయి. 2007లో న్యూయార్క్ టైమ్స్ ఫొటోలు వేసేదాకా, వాటిని పోసేవాళ్ళ కాళ్ళకు చెప్పులైనా లేవని అక్కడ ఎంతమందికి తెలుసు?

ఈ ఊరు చితికిపోయింది పనితనం తగ్గి కాదు. బొగ్గు, ఇనుము దగ్గర్లో దొరకడమే హౌరా బలం. రవాణా ఖర్చు సమం చేసి ఉక్కును దేశమంతటా ఒకే ధరకిచ్చే విధానం 1950ల నుంచి 1990ల మొదటిదాకా నడిచి, ఆ బలాన్ని లాగేసింది. 1960ల మధ్యలో రైల్వే వ్యాగన్ల ఆర్డర్లకు కోత పడింది. ఇదే పనిలో కోయంబత్తూరు, రాజ్‌కోట్ ముందుకెళ్ళాయి. 1980లో అమెరికా మన పోత సామానుపై అదనపు సుంకం వేసింది. పొగ మీద ఆంక్షలొచ్చాక ఇంధన పరిశోధన సంస్థ టెరీ 1998లో ఇక్కడ మెరుగైన క్యూపోలా పెట్టి చూపించింది. మూడోవంతు దాకా కోక్ బొగ్గు ఆదా. కానీ నెల గడవడమే గగనమైన చిన్న యజమాని కొత్త కొలిమి ఎక్కణ్ణుంచి తెస్తాడు?

హౌరాకు వ్యాగన్ల పని నేర్పిన పాత కంపెనీల్లో ఒకటైన బర్న్ స్టాండర్డ్ మూసివేతకు 2018లో కేంద్ర మంత్రివర్గం ఒప్పేసుకుంది. సందుల్లో లేతులు తిరుగుతూనే ఉన్నాయి, చిన్నాచితకా ఆర్డర్ల మీద.