పదిహేను గూళ్ళ అడవి పట్టణం

మొగలు చక్రవర్తి మహమ్మద్ షా కొలువులో మంత్రిగా ఉండిన ఘాజీయుద్దీన్ 1740లో ఢిల్లీకి తూర్పున, హిండన్ నది ఆవలి దరిన ఒక పట్టణం కట్టించాడు. నాలుగు ద్వారాలు, బాటసారులు దిగడానికి పెద్ద సరాయి, వాటి చుట్టూ కొద్దిపాటి బజారు; పట్టణమంతా అంతే. ఘాజీయుద్దీన్ నగర్ అన్న పొడుగు పేరు రైలు వచ్చిన తరువాత ఘాజియాబాద్‌గా కుదించుకున్నది గాని, ఊరు మాత్రం పెరుగుతూనే వచ్చింది. 1976 నవంబరు 14న జిల్లా కేంద్రమైంది. పొలాలుండిన చోట వైశాలి, వసుంధర, ఇందిరాపురం లేచాయి. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య 16 లక్షలు దాటింది. 2023 అక్టోబరులో సాహిబాబాద్, దుహాయిల నడుమ నమో భారత్ రైళ్ళు నడవసాగాయి. ఇన్ని విస్తరణలతో ఊరు బాగుపడిందా అని ప్రశ్నిస్తే, ఢిల్లీ గేటు వద్ద తాతల నాటి దుకాణం నడుపుకొనేవాడు ఒక సమాధానం చెబుతాడు. ఇరవయ్యవ అంతస్తులో కాపురమున్న ఉద్యోగి మరొకటి చెబుతాడు.

ఇదే ప్రశ్న వైశాలిలోని ఒక తెలుగువారి ఇంట, భోజనాల బల్ల మీద, మరొక రూపంలో తలెత్తింది. అక్కడ పెరుగుతున్నది అట్టముక్కల పట్టణం. దాని పేరు ఎవర్‌డెల్.

జేమ్స్ విల్సన్ అనే అమెరికా దేశస్థుడు రూపొందించగా 2018లో వెలువడిన బోర్డు ఆట ఇది. ఆండ్రూ బాస్లీ గీసిన బొమ్మల అందం వల్ల ఆట తెలియనివారు కూడా పేకలు చేతిలోకి తీసుకొని చూస్తారు. అడవిలో ఒక లోయ, ఆ లోయలో అట్టతో నిలబెట్టిన చెట్టు. ఉడుత, చిట్టెలుక, తాబేలు వంటి కొయ్యబొమ్మలు ఆటగాళ్ళ పనివారు. వీరు పుల్లలు, బంక, గులకరాళ్ళు, చిట్టిపండ్లు ఏరుకొని వస్తే, వాటిని వెచ్చించి ప్రతి ఆటగాడు తన పట్టణాన్ని నిర్మించుకొంటాడు. ఆట శీతకాలంలో ఆరంభమై వసంతం, వేసవి గడచి శరత్కాలంతో ముగుస్తుంది. మొదట ఇద్దరే పనివారు. ఋతువులు మారేకొద్దీ ఆరుగురవుతారు. సత్రం కట్టినవారికి సత్రపు యజమాని ఖర్చు లేకుండా వస్తాడు. బడి కట్టినవారికి ఉపాధ్యాయుడు, పొలం వేసినవారికి సంసారం చేసుకొనే దంపతులు. తెలివితక్కువ విదూషకుడొకడున్నాడు. వాడిని ఎవరూ తమ ఊళ్ళో ఉంచుకోరు, ఎదుటివారి ఊరికి పంపి వారి లెక్కలో రెండు మార్కులు తగ్గిస్తారు.

ఈ ఆటకు ప్రాణమంతా ఒక చిన్న నిబంధనలో ఉన్నది. ఏ పట్టణంలోనైనా పదిహేను పేకలకే చోటు. గుట్టలో 128 పేకలు ఉండవచ్చు, ఎదుట పచ్చికలో ఎనిమిది పరచి ఉండవచ్చు, చేతిలో మరి ఎనిమిది ఉండవచ్చు. గూళ్ళు మాత్రం పదిహేనే. కోట కావాలా, బడి కావాలా అన్న సందిగ్ధమే ఆటలోని ఆనందం. చోటు చాలకపోవడం ఇందులో లోపం కాదు, అందుకోసమే దీనిని ఆడతారు.

వైశాలి ఇంటికి ఈ పెట్టె వచ్చినది 2024 నవంబరులో. ఢిల్లీ పరిసరాలను పొగమంచు కమ్ముకొని, బడులు మూసి, పిల్లలకు పాఠాలు ఇంటి నుండే చెప్పిన రోజులవి. కిటికీ తెరచేందుకు వీలులేదు; తెరచినా ఎదుటి అపార్టుమెంటు గోడ కనబడేది కాదు. గోదావరి తీరాన ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్న తాతగారు కుమార్తె ఇంటికి వచ్చి అక్కడే చిక్కుకొన్నారు. పదకొండేళ్ళ మనుమరాలు పేకల మీది ఇంగ్లీషు అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని ఒక్కొక్కటి పైకి చదివి వినిపించేది. నాలుగు రోజులలో ఆయనకు పేకలన్నీ పరిచయమయ్యాయి. వారం తిరిగేసరికి పొలం, సత్రం, బడి ఏ వరుసలో పడితే ఎంత ఆదాయమో కాగితం మీద వేసి చూపడం మొదలుపెట్టారు. "తాతయ్యా, మీరు లెక్కల మాస్టారు కదా, ఇది అన్యాయం" అని మనుమడు మొరపెట్టుకొనేవాడు.

ఆ ఇంట మనుషులు ఐదుగురు, ఆట నలుగురికే. మిగిలిపోయే ఐదవ మనిషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు. టీ పెట్టి, పకోడీలు వేయించి, ఎవరు గెలిచారో చివర అడిగి తెలుసుకొనేది ఇల్లాలే.

అనుబంధపు పెట్టెల రాక ఇక్కడ మొదలవుతుంది. వీటిని ఎక్స్‌పాన్షన్లు అంటారు. మూల ఆట లేనిదే ఇవి పనికిరావు. ఒక్కొక్క దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. 2020లో వచ్చిన బెల్‌ఫెయిర్ ఐదవ, ఆరవ ఆటగాళ్ళకు కావలసిన సామగ్రి ఇస్తుంది. ఒక్కొక్క జంతుజాతికి ఒక ప్రత్యేక శక్తిని, సరుకులు పెట్టుకొనే పలకను, చిన్న సంతను చేర్చింది. ఆటకు దీనివల్ల లోతు పెరిగిందని వాదించడం కష్టం. ఐదుగురు కూర్చుంటే వంతు వచ్చేసరికి టీ చల్లారిపోతుంది. అయినా అది వచ్చిన ఆదివారం ఇల్లాలు పొయ్యి ఆర్పి బల్ల దగ్గర కూర్చున్నది, మూడవ ఆటలో తండ్రిని ఓడించింది. ఆటల విమర్శకులు ఈ పెట్టెను స్వల్పమైనదంటే అనవచ్చు, ఆ ఇంటి లెక్క వేరు.

2019 నాటి పెర్ల్‌బ్రూక్ లోయ పక్కన ఒక నదిని తెచ్చిపెట్టింది. ప్రతి ఆటగాడికి ఒక కప్ప రాయబారి, ఆ కప్ప సంపాదించే ముత్యాలు, ముత్యాలతో కొనే ఆభరణాలు, అద్భుత కట్టడాలు. చూడడానికి చక్కగానే ఉంటుంది. కాని కట్టడాలకు వచ్చే మార్కులు ఎంత పెద్దవంటే, పదిహేను గూళ్ళలో ఏమి నింపాలన్న ఆలోచన వెనుకబడి, ముత్యాలు ఎవరికి ముందు దొరుకుతాయన్నదే ప్రధానమైపోతుంది. స్పైర్‌క్రెస్ట్‌లో పర్వతయాత్ర ఉన్నది, పనివాడు ఎక్కి స్వారీ చేసే పెద్ద జంతువులున్నాయి. పిల్లలకు ప్రాణం లేచివచ్చింది. నిజానికి అందులో మెచ్చదగినది ఎవరూ అంతగా పట్టించుకోని వాతావరణపు పేక. ప్రతి ఋతువుకు అది ఒక ఇబ్బంది కలిగిస్తుంది. మూల ఆటలోని లేమిని కొంచెం బిగించడమే దాని పని, అందువల్ల చక్కగా ఇమిడిపోయింది.

2022లో న్యూలీఫ్ ఒక రైల్వే స్టేషనుతో వచ్చింది. టిక్కెట్లు, సందర్శకులు, సీట్ల రిజర్వేషను. తాతగారికి రైళ్ళంటే ఇష్టమే. కాని అప్పటికి బల్ల మీద చూసుకోవలసిన చోట్లు నాలుగింతలయ్యాయి, నిబంధనల పుస్తకాలు ఐదయ్యాయి. ఆయన తన వంతు వచ్చినప్పుడు ఏదో ఒక పని చేసి ఊరుకోసాగారు. కాగితం మీద లెక్కలు వేయడం మానేశారు. ఒక సాయంత్రం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకొని, "మీరు ఆడండమ్మా, నేను చూస్తాను" అన్నారు. మనుమడు వెంటనే ఆయన పేకలు సర్దేశాడు. మనుమరాలు మాత్రం ఆ ఆటలో ఇక మాట్లాడలేదు.

ఒక పెట్టె ఇల్లాలిని బల్ల దగ్గరకు తెచ్చింది, మరొకటి తాతగారిని లేవదీసింది. అనుబంధాలు ఆటను బాగుచేస్తాయా అన్న ప్రశ్నకు ఇంతకంటె తేటగా సాక్ష్యం దొరకదు.

ఈ మోజు నేటిది కాదు. మొగలుల కాలపు గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 పేకలు. హిందూ గృహాలకు చేరి దశావతార గంజీఫాగా మారినప్పుడు పది రంగులు, 120 పేకలైంది. మన నిర్మల్ చిత్రకారులు కూడా గంజీఫాలు చిత్రించినవారే. మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794-1868) అంతటితో తృప్తి చెందలేదు. ఆయన కల్పించిన చాముండేశ్వరీ ఛాదులో పదహారు రంగులు, 320 పేకలు. కృష్ణరాజ ఛాదులో పద్ధెనిమిది రంగులు, 360 పేకలు. ఆ చిత్రకళ అపూర్వం. కాని అన్ని పేకలు చేతపట్టి, గుర్తుపెట్టుకొని ఆడగలవారు రాజప్రాసాదం వెలుపల ఎందరుంటారు? జనంలో నిలిచినవి చిన్న కట్టలే.

చదరంగం కథ మరీ విచిత్రం. తైమూరు పేరుతో ప్రసిద్ధమైన పెద్ద చదరంగంలో గళ్ళు 112. 1920లలో ప్రపంచ విజేత కాపాబ్లాంకా రెండు కొత్త బలాలు చేర్చి, పది నిలువు వరుసల బల్ల కావాలని ప్రతిపాదించాడు. రెండూ వాడుకలో నిలవలేదు. చదరంగాన్ని నిజంగా మార్చివేసిన సంస్కరణ పదిహేనవ శతాబ్దం చివర యూరపులో జరిగింది. అప్పుడు గడి పెంచలేదు, బలం పెంచలేదు. ఉన్న మంత్రికి, శకటుకు దూరపు నడక ఇచ్చారు, అంతే. మన పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. నేపాలువారి బాఘ్ చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు. నాలుగవ పులి వచ్చినంత మాత్రాన మన ఆట వారి ఆటకు తీసిపోలేదు.

అయితే పాతదంతా మేలని తీర్మానించడం కూడా పొరపాటే. మూల ఆటను వందసార్లు ఆడినవారికి పేకలన్నీ కంఠస్థమై విసుగు పుట్టడం సహజం. వారికి స్పైర్‌క్రెస్ట్ కొండలు కొత్త గాలి. పది ఆటలైనా ఆడకముందే మొత్తం సరంజామా తెప్పించుకొనేవారికే చిక్కు. వారు కొంటున్నది ఆటను కాదు, ఆడలేకపోతున్నామన్న లోటును. పదిహేను గూళ్ళ రుచి తెలియనివారికి నది ఎందుకు?

వైశాలి ఇంట తగవు తీర్చినది ఇల్లాలు. కొండలు, నది, రైలు అలమార పై అరలోకి వెళ్ళాయి. పిల్లలు తమ స్నేహితులతో ఆడుకొనే రోజున దింపుకోవచ్చు. ఐదుగురు కూర్చున్నప్పుడు బెల్‌ఫెయిర్ పలకలు, శక్తులు లేకుండా. వాతావరణపు పేకలు మాత్రం విడిగా తీసి ఒక రబ్బరుబ్యాండు వేసి ఉంచారు. పుస్తకంలో ఇట్టి మిశ్రమం ఉన్నదో లేదో వారు చూడలేదు. తాతగారు మళ్ళీ కాగితం, పెన్సిలు అడిగారు.

మిస్ట్‌వుడ్ అనే మరొక పెట్టె ఉన్నది. ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడు నైట్‌వీవ్ అనే సాలీడు, మనిషి అవసరం లేకుండా, ప్రత్యర్థిగా ఆడుతుంది. అల్లుడుగారు, అమ్మాయి ఆఫీసులకు వెళ్ళి, మనుమడు క్రికెట్టుకు పోయిన మధ్యాహ్నాలు ఆ ఇంట చాలా ఉన్నాయి. దాని నిబంధనలు ఎన్ని పుటలో మనుమరాలు ముందుగా కనుక్కొన్నది. కొనమనే చెప్పింది, కాని వేసవి సెలవుల వరకు ఆగమన్నది.