వేసవిలో కారు చల్లదనము ఏల తప్పును?

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. వడగాడ్పునకు జడిసి మన పూర్వులు పగటి ప్రయాణములు మాని, వేకువనో వెన్నెలలోనో బండ్లు కట్టించుకొని పోవుచుండెడివారు. ఇప్పు డట్లు కాదు. పెండ్లియైనను, పరీక్షయైనను, ఆసుపత్రియైనను మిట్టమధ్యాహ్నమని చూడక మనలను బయటికి పిలుచుచున్నవి. సామాన్య గృహస్థుల వాకిండ్లలో సైతము పాతదో క్రొత్తదో ఒక కారు నిలిచియున్నది. కారులోని ఏసీ విలాసవస్తువని పలుకువారు కలరు. ఒడిలో పసిబిడ్డతో, ప్రక్కన వృద్ధురాలైన అత్తగారితో నడివేసవి యెండలో నలువది మైళ్లు పోయిన యిల్లాలు మాత్ర మా మాట అనజాలదు.

అయినను ఆ చల్లదనమున కొక వింత దుర్గుణము కలదు. మాఘమాసమున, దాని అవసరము లేనినాడు, చక్కగా పనిచేయును. ఎండలు ముదిరి ప్రాణము కటకటలాడునప్పుడు చేతులెత్తివేయును. ఇది మన ప్రారబ్ధమని కొందఱును, బండి పాతబడినదని కొందఱును, గ్యాసు అయిపోయినదని మరమ్మతు చేయువారును చెప్పుదురు. ఇందు మూడవమాట మిక్కిలి తఱచుగా వినబడును. మన చేతి పైకమును దానికే మిక్కిలి తఱచుగా పోవును. ఆ మాటలో ఎంత నిజము కలదో, ఎంత లేదో తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఒక విషయము గ్రహింపవలయును. ఏసీ చల్లదనమును పుట్టింపదు. లోపలి వేడిని మోసికొనిపోయి బయట పాఱబోయును, అంతియే. మన యింటి కూజా చేయు పనియు నిదియే. కూజా పైపొరపై చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని నీటివేడిని తనతో గొనిపోవును. కావుననే ఆ నీరు చల్లబడును. అయితే ఆవిరియైన నీరు గాలిలో కలిసిపోవును, మరల రాదు. కారులో నట్లు గాక ఒకే పదార్థము మూసిన గొట్టములలో మరల మరల తిరుగుచుండును. దానినే మనము గ్యాసందుము. అది డ్యాషుబోర్డు వెనుకనున్న గొట్టముల చుట్టలో ఆవిరియై లోపలి వేడిని పీల్చుకొనును. ఇంజనుతో బెల్టు మూలమున తిరుగు కంప్రెసరు ఆ యావిరిని గట్టిగా నొత్తి, బండి ముందుభాగమున రేడియేటరునకు ముందున్న కండెన్సరులోనికి పంపును. కండెన్సరనగా సన్నని రేకులతో కూడిన జల్లెడవంటి పలక. అచ్చట బయటిగాలి తగిలి గ్యాసు తన వేడిని విడిచి ద్రవమగును. ఆ ద్రవము సన్నని రంధ్రము గుండ దూరి, ఒత్తిడి సడలి, చల్లబడి, మరల లోపలికి వచ్చును. ఇదియే దాని నిత్యప్రదక్షిణము.

ఇప్పుడు వేసవి మాట యోచింతము. వేడి యెప్పుడును ఎక్కువ వేడి గలచోటునుండి తక్కువ వేడి గలచోటికే పోవును. కాగిన పాలగిన్నెను చల్లార్చుటకు చన్నీళ్ల పళ్లెములో నుంచుదుము. ఆ పళ్లెములో వేడినీళ్లే యున్నచో గిన్నె యెప్పటికి చల్లారును? బయటిగాలియే 45 డిగ్రీలున్ననాడు, క్రింద తారురోడ్డు పెనమువలె కాలుచుండగా, కండెన్సరు గతి యట్టిదే. ఆ గాలికి వేడిని విడువవలెనన్న గ్యాసు అంతకంటె ఎక్కువ వేడిగా నుండవలయును. అందుచే గొట్టములలో ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి హద్దు మీఱినచో గొట్టములు పగులకుండుటకై యొక మీట కంప్రెసరును ఆపివేయును. మనము ఏసీ చెడినదందుము. నిజమునకది తన్ను తాను కాపాడుకొనుచున్నది. చలికాలమున దాగియున్న చిన్న లోపము వేసవిలో బయటపడుటకు కారణ మిదియే.

మా సంగతి కొంత చెప్పెదము. మా యింటివారు బడిపంతులు. మా బండి యొకరు పదియేండ్లు నడిపి విడిచినది. గత వేసవిలో ఒక పెండ్లికై గుంటూరునుండి మాచర్లకు పోవుచుంటిమి. పల్నాటిలో రెంటచింతల యెండ యెట్టిదో తెలుగునాట వినని వారుండరు. త్రోవలో రైలుగేటు వేసియుండెను. బండి యాగిన రెండు నిమిషములకే ఏసీనుండి పొయ్యియూదినట్లు వేడిగాలి వచ్చెను. డెబ్బదియెనిమిదేండ్ల మా అత్తగారు మొదట విసనకఱ్ఱ అడిగిరి. పిమ్మట ఏమియు అడుగలేదు. ఆమె మౌనమే మాకు భయము గొల్పెను. అద్దములు దించి, తడిగుడ్డతో మెడయు, చేతులును తుడిచి, మజ్జిగ పట్టించితిమి. గేటు తీసి బండి కదలిన కొంతసేపటికి మరల చల్లగాలి వచ్చెను, ఆమెకును తేఱుకొన్నట్లయ్యెను.

ఇంటికి వచ్చిన పిమ్మట ఒక మరమ్మతుశాలవారు బండిని చూచి, చూడకమునుపే, "గ్యాసు అయిపోయింది మాస్టారూ, నింపితే సరిపోద్ది," అని చెప్పి నింపిరి. వారమునకు బజారులో మరల అదే కథ. వారు మరల కొంత నింపిరి. అప్పటినుండి ఏసీ ముందటికంటె త్వరగా ఆగసాగెను. మేము వెనుక సీటులో కూర్చుండి గమనించిన దొకటి కలదు: బండి పరుగెత్తునంతసేపు చల్లన, నిలిచినంతనే వేడి. గ్యాసే లేనిచో పరుగెత్తునప్పుడు మాత్రము చల్లదన మెక్కడినుండి వచ్చును?

మూడవచోట, ఊరిచివర చిన్న షెడ్డు నడుపుకొను ఒక వృద్ధునికి ఈ మాటయే చెప్పితిమి. ఆయన వెంటనే బానెట్టు లేపించి, ఏసీ వేయించి, కండెన్సరు ఫ్యానును చూపి, "అదిగో చూడమ్మా, తిరగట్లా. బండి పోతుంటే ఎదురుగాలి కొడద్ది కాబట్టి చల్లగుంటది. ఆగితే దానికి గాలేదీ? మీరు చెప్పిన ముక్కతోనే సగం పని అయిపోయింది," అనెను. ఫ్యానునకు కరెంటు నందించు రిలే యను చిన్న పెట్టె చెడియుండెను. దాని వెల మేము గ్యాసునకు పోసిన పైకములో పదవవంతైనను కాదు. పిమ్మట ఆయన గ్యాసంతయు యంత్రముతో లాగి తూచెను. ఉండవలసినదానికంటె ఎక్కువగా నుండెను! ఎక్కువ గ్యాసు మేలు చేయదు. ఒత్తిడిని పెంచి కంప్రెసరును మఱింత త్వరగా ఆపును. ఎన్ని గ్రాములు పట్టునో బానెట్టు క్రింది చీటిపై అచ్చువేసియున్నది. మా బండి కది అరకిలోకు తక్కువయే. ఆయన ఆ తూకము ప్రకారమే మరల నింపెను.

సోదరీమణులారా, వెనుక కూర్చుండువారమని మనము మిన్నకుండరాదు. వైద్యుడు రోగిని చూచుటకుముందు రోగలక్షణము లడుగును. ఆ లక్షణములు మనకే బాగుగ తెలియును. కావున ముఖ్యమైన వానిని క్రింద చెప్పుచున్నాము.

కదలినప్పుడు చల్లగను, నిలిచినప్పుడు వేడిగను ఉన్నచో కండెన్సరు ఫ్యానును చూపింపుడు. ఫ్యాను తిరుగుచునే యున్నచో, కండెన్సరు రేకులలో దుమ్ము, పురుగులు, ఎండుటాకులు చిక్కినవేమో చూడవలయును. పల్లెత్రోవలలో తిరుగు బండ్లకిది మిక్కిలి సామాన్యము. దానిని మెల్లని నీటిధారతో కడిగింపవచ్చును. ధార ఉద్ధృతమైనచో రేకులు వంగిపోవును.

గాలి చల్లగనే యుండి, వచ్చుటయే కొద్దిగా నున్నచో గ్యాసు జోలికే పోనక్కఱలేదు. లోపలిగాలి వడకట్టు ఫిల్టరు దుమ్ముతో పూడియుండును. అనేకములైన బండ్లలో నది ముందుసీటు ఎదుటనున్న అఱ వెనుక నుండును. పిండిజల్లెడ మార్చునంత తేలికగా దానిని మార్చవచ్చును.

కొంతసేపు చల్లగా వచ్చి, ఆగి, మరల తనంతట తానే చల్లబడుచున్నచో గొట్టములలో తేమ చేరియుండవచ్చును. ఆ తేమ సన్నని రంధ్రమున మంచుగడ్డయై దారి మూయును. మంచు కరగినంతనే దారి విడుచును. గ్యాసు నింపుటకుముందు గొట్టములలోని గాలిని, తేమను యంత్రముతో బాగుగ లాగకుండుట దీనికి సామాన్యమైన కారణము.

బండి బయలుదేరినప్పుడు చల్లగనుండి, ఇంజను బాగుగ కాగిన పిమ్మట ఆగిపోవుచున్నచో కంప్రెసరు క్లచ్చిని చూపింపుడు. దానిని పట్టియుంచునది విద్యుదయస్కాంతము. అది కాగినకొలది పట్టు తగ్గును; క్లచ్చి అరగి సందు పెరిగియున్నచో జారిపోవును. ఇంజను వేడిముల్లు పైకి పోవుచున్నచో మాత్రము ముందు రేడియేటరు నీటి సంగతి చూడవలయును. అనేకములైన బండ్లు ఇంజనును కాపాడుటకై ఏసీని తామే ఆపివేయును.

ఇక ఎప్పుడును చల్లగా రాకున్నచో గ్యాసు తగ్గియుండవచ్చును. కాని గ్యాసు పెట్రోలువలె కర్చయగునది కాదు. తగ్గినదనగా ఎక్కడనో కారిపోయినదని యర్థము. రబ్బరు గొట్టములు, కీళ్లవద్ద నుండు రబ్బరు ఉంగరములు, కంప్రెసరు ఇరుసు కడనున్న సీలు, ఱాళ్లు తగిలిన కండెన్సరు: ఇవి కారుటకు తావులు. గ్యాసుతోపాటు నూనెయు కారును గనుక అచ్చట జిడ్డుమరక కనబడవచ్చును. చిల్లు పూడ్చక గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. "ఎక్కడ కారుచున్నది నాయనా? చూపి, పిమ్మట నింపుము," అని యడుగుటకు మనము మొగమోటపడరాదు.

ఇది మన పైకమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. పూర్వము కార్లలో వాడిన ఆర్-12 అను గ్యాసు ఆకాశమందలి ఓజోను పొరను చెఱచుచున్నదని తెలిసి, 1987లో మాంట్రియలులో జరిగిన ఒడంబడిక మూలమున దేశములన్నియు దానిని మానుకొనసాగెను. దానికి బదులుగా వచ్చిన ఆర్-134ఏ ఓజోనునకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,400 రెట్లు బలమైనది. అందుచే 2016లో కిగాలీలో మఱియొక ఒప్పందము జరిగి, ఇట్టి గ్యాసులనుగూడ క్రమముగా తగ్గించుటకు నిశ్చయించిరి. మన చల్లదనమునకై కారవిడిచిన గ్యాసు మన మనుమల వేసవిని మఱింత మండించును. చిల్లు పూడ్పించుట గృహధర్మమే కాదు, భూతదయయును.

త్రోవలో ఏసీ ఆగినప్పుడు చేయవలసినది కొంత కలదు. అద్దములు దించి బండిని నీడకు చేర్పుడు. పిల్లలకును, పెద్దలకును నీరో మజ్జిగయో కొంచెము కొంచెముగా నిండు. మెడ, చంకలు తడిగుడ్డతో తుడిచి విసరుడు. ఒడలు కాలిపోవుచు, మాట తడబడినను, తెలివి తప్పినను అది వడదెబ్బ. అప్పుడు నోట నీరు పోయక, ఒడలు తడుపుచునే వెంటనే 108కి ఫోను చేయింపుడు. ఎండలో నిలిపిన కారులో వేడి పది నిమిషములకే పది డిగ్రీలు పెరుగగలదు. "ఇప్పుడే వచ్చెదము" అని బిడ్డను లోపలనుంచి అంగడికి పోవుట ఎన్నటికిని కూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు ఏసీలో నిద్రించుటయు ప్రాణాంతకము. పొగలోని విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు.

ఎండలో నిలిచిన బండి నెక్కునప్పుడు తలుపులు కొంతసేపు తెఱచి వేడిగాలిని పోనిచ్చి, తరువాతనే ఏసీ వేయుడు. లోన చల్లబడిన పిమ్మట బయటిగాలి రాకుండు మీటను నొక్కుడు. అప్పుడు యంత్రమునకు శ్రమ తగ్గును.

ఆవకాయకు జాడీలు ఎండబెట్టునట్లే, కూజాలు కడిగి సిద్ధపఱచునట్లే, ఉగాదికి ముందే ఒకనాడు బండి ఏసీని పరీక్ష చేయింపవలయును. ఎండలు ముదిరినపిదప మరమ్మతుశాలలలో రద్దీ యెక్కువ, ఓపిక తక్కువ. మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "లోపలి వేడి బయటికి పోవుటకు ఎచ్చట అడ్డుపడుచున్నది?" దానికి తిన్నగా బదులు చెప్పినవాని చేతికే బండిని అప్పగింపుడు. తిన్నగా చెప్పక గ్యాసు సీసా వైపు చేయి చాచువానికి మన పైకమైనను, మన పెద్దల ప్రాణమైనను అప్పగింపనక్కఱలేదు.