గుర్రాల పోటీలకు వెళ్తున్నారా?

అమెరికాలో గుర్రపుస్వారీ పోటీలకు వెళ్ళేవారు చాలామంది గుర్రాన్ని వెనుక ట్రెయిలర్‌లో ఎక్కించుకొని, ట్రక్కు మీద అమర్చిన చిన్న గదిలోనే వండుకొని పడుకుంటారు. అక్కడున్న మీ పిల్లలకూ ఆ సరదా ఉంటే ఈ మాట చెప్పండి.

చలికి తలుపులు బిగించి గ్యాసు పొయ్యి వెలిగించినా, పక్కనే జనరేటరు నడిపినా గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరవచ్చు. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవారికి నేను వైద్యం చేశాను. అదే విషం. మొదట తలనొప్పి, వికారం; ప్రయాణ బడలిక అనుకుంటారు. గదిలో ఇద్దరికీ ఒకేసారి వస్తే అనుమానించండి. వెంటనే ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చాలి. ఆక్సిజనే చికిత్స.

పొయ్యి వంటకే, చలికి దుప్పట్లు కప్పుకోవాలి. జనరేటరు ఆపాకే పడుకోవాలి. ఆ గదిలో అలారం పనిచేస్తోందా? ఇవాళే ఫోన్ చేసి అడగండి.